సెలవు నాది, కృష్ణది కాదు

ప్రకాశం బ్యారేజీ గేట్లు దించి ఉన్న రోజుల్లో విజయవాడ భవానీపురం ఒడ్డున నిలబడి చూస్తే కృష్ణ నదిలా కనిపించదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా పరుచుకున్న నీళ్ళు, నడుమ భవానీ ద్వీపం, అవతల గుంటూరు వైపు చెట్ల వరస. అల కూడా పెద్దగా లేవదు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చెరువనుకుంటే తప్పు పట్టలేం. నేను కొత్తవాణ్ణి కాను. ఈ ఊళ్ళోనే పుట్టాను, ఈ నీళ్ళే తాగి పెరిగాను, అన్నిటికీ మించి ఒక లస్కరు కొడుకుని. అది చెరువు కాదని నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో చాలామందికి తెలియదు. అన్నీ తెలిసీ, దాన్ని చెరువనుకుని, అందులోకి ఒక పిల్లవాణ్ణి తీసుకెళ్ళాను. ఈ సంగతి ఇన్నాళ్ళూ మా గడప దాటనివ్వలేదు. ఇప్పుడు రాయక తప్పదనిపిస్తోంది. కయాకింగ్ అంటూ ఘాట్ల దగ్గరికి వచ్చే పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. పెరగాలి కూడా. కానీ వాళ్ళలో కొందరి మొహాల్లో ఆనాటి నా ధీమా కనిపించినప్పుడల్లా నాకు కాళ్ళు వణుకుతున్నాయి.

లస్కరంటే ఎవరో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. కాలవకు కాపలా మనిషి. గట్టు వెంబడి నడుస్తూ ఎక్కడ నీరు ఊరుతోందో, ఎక్కడ గండి పడేలా ఉందో చూడాలి. మట్టం ఎంతుందో స్కేలు మీద చదివి పైవాళ్ళకు కబురు చెయ్యాలి. లేపమన్నప్పుడు షట్టర్లు లేపాలి, దించమన్నప్పుడు దించాలి. మా నాన్న బందరు కాలవ మీద ఆ పని చేస్తూనే రిటైరయ్యాడు. పొద్దున్నే మా ఇంట్లో వినిపించే మొదటి మాట "పన్నెండు ఉన్నాయా?" అన్నది. పన్నెండు అడుగులు. బ్యారేజీ దగ్గర నిండు మట్టానికి మావాళ్ళు చెప్పుకునే లెక్క అది. పన్నెండు ఉంటే దివిసీమ దాకా ఊడ్పులు సాగుతాయి. తగ్గుతుంటే నాన్న మాట కూడా తగ్గిపోయేది, అన్నం ముందు కూర్చుని కూడా ఆలోచిస్తూ ఉండేవాడు.

ఊళ్ళో చాలామందికి బ్యారేజీ అంటే వంతెన. బస్సులో దాటుతూ కిటికీలోంచి చూసేది, ఫొటోలు దిగేది. నాన్న దృష్టిలో అది రైతుల తలుపు. సర్ ఆర్థర్ కాటన్ పథకం ప్రకారం 1852లో పని మొదలుపెట్టి 1855 నాటికి పాత ఆనకట్ట కట్టారు. దాదాపు వందేళ్ళు అది డెల్టాని మోసింది. 1952లో అది తెగింది. తర్వాత కొత్తగా ఈ బ్యారేజీ కట్టి 1957లో ప్రారంభించి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 70 గేట్లు. ఇటు విజయవాడ కొసన తూర్పు కాలవ మొదలవుతుంది, అటు సీతానగరం కొసన పశ్చిమ కాలవ. తూర్పు కాలవ ఊళ్ళోకి వచ్చి బందరు కాలవగా, ఏలూరు కాలవగా, రైవస్ కాలవగా చీలిపోతుంది. రెండు వైపులా కలిపి 13 లక్షల ఎకరాలు ఈ నీళ్ళ మీద బతుకుతున్నాయి. ఇదంతా నేను పుస్తకాల్లో చదివింది కాదు. కంచం ముందు కూర్చుని విన్నది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. నది మీది గేట్లు దించారు కదా అని నీరు ఆగిపోదు. రెండు కొసల్లో కాలవల్లోకి నీరు వదిలే హెడ్ రెగ్యులేటర్లు దాన్ని తాగుతూనే ఉంటాయి. క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్లు. సార్వా నాట్ల రోజుల్లో తూర్పు కాలవ ఒక్కదానికే వేల క్యూసెక్కులు వదులుతారు. అంత నీరు పక్కకి మళ్ళి షట్టర్ల కింద నుంచి దూరిపోతుంటే పైన మాత్రం అద్దంలా ఉంటుంది. ఒడ్డున ఉన్నవాడికి కనిపించదు. నీటి మీద కూర్చున్నవాడికీ మొదట్లో తెలియదు.

ఇంత తెలిసినవాణ్ణి ఎలా మరిచాను? దానికి ముందు, ఆ నీళ్ళు నాకు ఇచ్చిన సంతోషం గురించి చెప్పాలి. అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

నదిని ఆనుకుని ఇన్ని లక్షల మందిమి ఉంటున్నాం, నదిలోకి దిగేది ఎప్పుడు? పుష్కరాలకు మూడు మునకలు. అయినవాళ్ళు పోతే అస్థికలు కలపడానికి. కార్తీకంలో దీపం వదలడానికి. ఎప్పుడైనా చుట్టాలు వస్తే భవానీ ద్వీపానికి మోటారు పడవ. చిన్నప్పుడు బందరు కాలవలో వంతెన మీద నుంచి దూకి ఈత నేర్చుకున్నాం గానీ, అది కూడా కాలవే. కృష్ణలోకి ఊరికే, పనేమీ లేకుండా, నీటి మీద ఉండడం కోసం వెళ్ళింది యాభై దగ్గరపడ్డాకే. బ్యాంకులో నా పక్క సీటాయన ఒక వేసవి తెల్లవారుజామున బలవంతంగా లాక్కెళ్ళాడు.

కయాక్‌లో కూర్చుంటే మన నడుం నీటి మట్టానికి వస్తుంది. అక్కణ్ణుంచి ఊరు వేరేగా కనిపిస్తుంది. ఇంద్రకీలాద్రి ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంది. రోడ్డు మీది నుంచి ఎప్పుడూ భవనాల మధ్య ఇరుక్కున్నట్టుండే కొండ, నీటి మీద నుంచి చూస్తే పాదాల దగ్గర్నుంచి శిఖరం దాకా నిండుగా ఉంటుంది. గుళ్ళో సుప్రభాతం గాలి లేని ఆ వేళలో నీటి మీదుగా జారి వచ్చి చెవి పక్కనే వినిపిస్తుంది. ద్వీపం అంచున మోడుల మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటూ ఉంటాయి. లకుముకి పిట్ట నీలంగా మెరిసి మునిగి లేస్తుంది. రాత్రి వేసిన వలలు లాగుతున్న జాలర్లు పడవ అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఉంటారు. మనం దగ్గరగా పోతే వల మీదికి రావద్దని చెయ్యి ఊపుతారు. తడి ఒండ్రు వాసన, చేపల వాసన, ఒడ్డున ఎవరో రాజేసిన పొయ్యి పొగ. ఇదంతా నేను పుట్టిన ఊళ్ళో, నా ఇంటికి స్కూటరు దూరంలో, ఇన్నేళ్ళూ జరుగుతూనే ఉందన్నది తలుచుకుంటే గుండె పట్టేసేది.

తెడ్డు వెయ్యడంలో కూడా ఒక సుఖం ఉంది. కయాక్ తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి. కొత్తవాళ్ళు చేతుల బలంతో లాగుతారు, కాసేపటికే భుజాలు పడిపోతాయి. నేర్పిన కుర్రాడు నాతో అన్న మొదటి మాట, "చేతులు కాదండీ, నడుం తిప్పండి." పాదాన్ని ముందున్న ఆనింపుకి తన్నిపట్టి, నడుం దగ్గర్నుంచి మళ్ళి, రెక్కని కాలి పక్కన ముంచి, తుంటి దాకా వచ్చేసరికి తీసెయ్యాలి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. కుదిరాక ఊపిరి కూడా ఆ వరసలోనే నడుస్తుంది. రోజంతా కుర్చీలో కూర్చుని లెక్కలు చూసే నా ఒంట్లో ఇన్ని కండరాలున్నాయని అప్పుడే తెలిసింది. రక్తపోటు మాత్రలు వాడే మనిషిని నీటి మీద ఉన్నంతసేపూ జబ్బు మనిషినన్న సంగతి మరిచిపోయేవాణ్ణి. వీలైన ప్రతి ఆదివారం వెళ్ళడం మొదలుపెట్టాను.

నేను నేర్చుకున్నది వేసవిలో. ఈ సంగతి పక్కన పెట్టుకోండి. వేసవిలో కాలవలు కట్టేస్తారు. పూడికలు తీస్తారు, షట్టర్లకు మరమ్మతులు చేస్తారు. తాగునీటికి వదిలినప్పుడు తప్ప హెడ్ రెగ్యులేటర్లు మూసే ఉంటాయి. పైగా నేను వెళ్ళేది తెల్లవారుజామున, గాలి ఉండని వేళ. కాబట్టి నేను చూసిన కృష్ణ నిజంగానే నిలిచి ఉన్న కృష్ణ. "బ్యారేజీ వైపు పోవద్దు, ముందు ఎగువకి వెళ్ళి తర్వాత దిగువకి రండి" అని అక్కడివాళ్ళు మొదటి రోజే చెప్పారు. నేను పాటించాను కూడా. కానీ రోజులు గడిచేకొద్దీ అది కొత్తవాళ్ళకు చెప్పే మాటగా నా మనసులో మారిపోయింది. నాకు ఈత వచ్చు, తెడ్డు వచ్చు, నది తెలుసు. ఈ మూడూ వేర్వేరు సంగతులనీ, ఏ ఒక్కటీ తక్కిన రెంటికీ పూచీ పడదనీ నాకు తట్టలేదు.

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి మా చెల్లెలు హైదరాబాదు నుంచి వచ్చింది. కూడా కొడుకు. ఇంటర్ చదువుతున్నాడు, స్విమ్మింగ్ పూల్లో ఈత నేర్చుకున్నాడు. నా ఫోన్లో కయాక్ ఫొటోలు చూసి, "మావయ్యా, నన్నూ తీసుకెళ్ళవా" అని వెంటబడ్డాడు. ఆదివారం తెల్లవారుజామున లేవలేకపోయాం. భోజనాలయ్యాక బయల్దేరాం. చెల్లెలు గుమ్మం దాకా వచ్చి వాడితో, "ఆ లైఫ్ జాకెట్ మాత్రం ఒంటి మీంచి తియ్యకు" అంది. "మావయ్య ఉన్నాడు కదే" అన్నాను నేను.

ఘాట్ దగ్గర ఇద్దరు పట్టే కయాక్ తీసుకున్నాం. పడమటి గాలి వీస్తోంది. పెద్ద గాలేం కాదు, నీటి మీద చిన్న చిన్న మడతలు. "గాలి లేచిందండీ, ముందు పైకి పొండి, ద్వీపం చాటున ఉండండి" అన్నాడు అక్కడి కుర్రాడు. "నాకు తెలుసు బాబూ" అన్నాను. అతని కళ్ళ ముందు కాస్త ఎగువకి తెడ్డు వేసి, ద్వీపం మలుపు తిరగ్గానే దిగువకి మళ్ళించాను. బ్యారేజీని నీటి మీద నుంచి వాడికి చూపించాలని నా ఆశ. తాతయ్య పనిచేసిన కాలవ ఎక్కడ పుడుతుందో చూపించాలని. ఆ కోరిక మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను. అది నీటి మీద నుంచే చూపించాలన్న పట్టుదలలోనే నా తెలివితక్కువతనం ఉంది. దుర్గాఘాట్ మెట్ల మీద నుంచి చూపించవచ్చు. బ్యారేజీ మీద నడుస్తూ చూపించవచ్చు.

కయాక్ ఎగిరిపోతున్నట్టు సాగింది. "మావయ్యా, మనం భలే ఫాస్టుగా వెళ్తున్నాం!" అని వాడు కేరింతలు కొట్టాడు. నేను పొంగిపోయాను. ఆ వేగం మా తెడ్లదని నమ్మాను. వీపు వెనక గాలి ఉంది, అడుగున కాలవ లాగుడు ఉంది, రెండూ కలిసి మమ్మల్ని మోసుకుపోతున్నాయి. ఎండ చురుక్కుమంటోంది. లైఫ్ జాకెట్ లోపల చొక్కా తడిసి ముద్దయింది. బకిళ్ళు ఊడదీసి, జాకెట్ తీసి, మెత్తగా ఉంటుందని కింద వేసుకుని కూర్చున్నాను. వాడితో కూడా అన్నాను: "తీసెయ్‌రా, ఉడికిపోతావు. ఈత రానివాళ్ళకి అది." వాడు వెనక్కి తిరిగి చూసి, "అమ్మకి మాటిచ్చాను మావయ్యా" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

దుర్గాఘాట్ మెట్లు దగ్గరపడ్డాక వెనక్కి మళ్ళాం. నడుం తిప్పి, కాళ్ళు తన్నిపట్టి, నేర్చుకున్నదంతా పెట్టి తెడ్డు వేశాను. నీళ్ళు చిమ్ముతున్నాయి, తెడ్లు లేస్తున్నాయి, పడుతున్నాయి. కాసేపటికి వాడే అన్నాడు: "మావయ్యా, ఆ మెట్లు ఇందాకటి నుంచీ అక్కడే ఉన్నాయి." తలెత్తి చూశాను. నిజమే. ఇంత తెడ్డు వేసినా అంగుళం కదల్లేదు. ఆపితే వెనక్కి పోతున్నాం. అప్పుడు చూశాను గుర్రపుడెక్కని. మా ముందు, మా పక్కన, దుబ్బులు దుబ్బులుగా, ఒకదాని వెనక ఒకటి, తూర్పు కాలవ కొస వైపు కదిలిపోతున్నాయి. చిన్నప్పుడు కాలవగట్టు మీద నాన్న వేలు చూపించి చెప్పేవాడు, "నీటిని చూడకురా, డెక్కని చూడు. నీళ్ళెటు పోతున్నాయో అదే చెబుతుంది" అని. ఆ మాట అప్పటికి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ జ్ఞానం ఆ ఒక్క క్షణంలో వచ్చి ఎదురుగా నిలబడింది. ఆలస్యంగా వచ్చింది.

గాలి పక్కవాటుగా కొట్టేసరికి కయాక్ అడ్డం తిరిగి ఒక పెద్ద దుబ్బులోకి దూరింది. తెడ్డు రెక్కకి వేళ్ళు చుట్టుకున్నాయి. లాగితే ఊడవు. వాడి మొహం తెల్లబోయింది, అయినా ఏడవలేదు. ఒడ్డు వైపు నుంచి ఒక ఇంజన్ పడవ మమ్మల్ని చూసి మళ్ళింది. వలలు వేసుకునే ఇద్దరు. "కూచోండి! కూచోండి! లెగవద్దు!" అని అరుస్తున్నారు. తాడు విసిరారు. అందుకోవాలన్న ఆత్రంలో నేను సగం లేచాను. కయాక్ బోర్లాపడింది.

బందరు కాలవలో నేర్చుకున్న ఈత ఏమయిందో నాకు తెలియదు. తల నీళ్ళలోకి పోయింది. కాళ్ళకు డెక్క వేళ్ళు చుట్టుకున్నాయి. పై ఒళ్ళు ఒకచోట ఉంటే కాళ్ళని ఎవరో పక్కకి లాగుతున్నట్టుంది. నోట్లోకి నీళ్ళు పోయాయి. ఈత వచ్చినవాడు తన్నుకునే కొద్దీ ఆ వేళ్ళు బిగుస్తాయని నాకు తెలియదు. చొక్కా కాలరు ఎవరో పట్టుకున్నారు. మా మేనల్లుడు. జాకెట్ మీద తేలుతూ, ఒక చెయ్యి బోర్లాపడిన కయాక్ మీద వేసి, ఇంకో చేత్తో నా కాలరు పట్టుకుని, "తన్నకు మావయ్యా, తన్నకు" అంటున్నాడు. నేను కాపాడతానని తీసుకొచ్చిన పిల్లవాడు నన్ను పట్టుకుని ఉన్నాడు. నేను తీసెయ్యమన్న జాకెట్ మీద ఇద్దరం తేలాం.

పడవలోకి లాగారు. నా జాకెట్ డెక్కతో పాటే కాలవ వైపు పోయింది. వాళ్ళిద్దరిలో పెద్దాయన మమ్మల్ని తిట్టలేదు. "కాలవలకి నీళ్ళొదిలారు సార్. షట్టర్లు లేపి ఉన్నాయి. ఇంకాస్త పోతే ఆ గేట్ల కాడికి మేము కూడా రాము" అన్నాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పిల్లవాడి తల తుడవమని తన భుజం మీది తువ్వాలు ఇచ్చాడు.

చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఇంకొకటి ఉంది. ఇంటికొస్తూ దారిలో వాడితో, "అమ్మకి చెప్పొద్దురా" అన్నాను. వాడు తలూపాడు. తల్లికిచ్చిన మాట నీళ్ళ మధ్య కూడా తప్పని పిల్లవాడి చేత ఆ తల్లి దగ్గరే నిజం దాయించాను. నదిలో చేసింది తెలివితక్కువ పని. ఇది అంతకంటే నీచమైన పని. వాళ్ళు హైదరాబాదు వెళ్ళాక కూడా అది నన్ను తినేసింది. చివరికి ముందు నాన్నకి చెప్పాను.

నాన్నకి ఇప్పుడు చూపు సరిగా ఆనదు, వినికిడి మాత్రం తగ్గలేదు. అంతా విన్నాడు. ఏ రోజని అడిగాడు. చెప్పాను. "ఆ వారం తూర్పు కాలవకి బాగానే వదిలారు. పేపర్లో వేశారు, నువ్వే చదివి వినిపించావు నాకు" అన్నాడు. నిజమే. ఆ ఆదివారం పొద్దున నేనే చదివాను. మట్టం, వచ్చే నీరు, కాలవలకి వదిలిన నీరు, అన్నీ. చదివి, కాగితం మడతపెట్టి, భోంచేసి, కయాక్ ఎక్కడానికి వెళ్ళాను. నాన్న చాలాసేపు ఊరుకుని, "నాట్ల రోజులురా అవి. నీకు ఆదివారమైతే కృష్ణకి ఉంటుందా ఆదివారం?" అన్నాడు.

నా తప్పుకి అంతకంటే సరైన పేరు నాకు దొరకలేదు. చదివిన అంకెలు రైతులకు సంబంధించినవి అనుకున్నాను. నేను ఆడుకునే నీళ్ళు వేరే నీళ్ళనుకున్నాను. నగరం కుళాయిలకు, తెనాలి వైపు చేలకు, దివిసీమ చివరి మడికి, అన్నిటికీ బయల్దేరిన నీరే నా కయాక్ కింద కూడా ఉంది. అది తన పని మీద పోతోంది. నేను విశ్రాంతిగా ఉన్నాను కాబట్టి అదీ విశ్రాంతిగా ఉందనుకున్నాను.

తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట లేదు. "వాడు బాగానే ఉన్నాడు కదా అన్నయ్యా" అంది, పెట్టేసింది. కొన్నాళ్ళు ఫోన్ చెయ్యలేదు. ఆ కోపం న్యాయమైనది. నేను దాన్ని తగ్గించే ప్రయత్నం చెయ్యలేదు.

ఇంకా బాధపెట్టేది ఏమిటంటే, పడవ ప్రమాదాల గురించి నేను గట్టిగా మాట్లాడేవాణ్ణి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్ళు. ఇదే కృష్ణ, నేను తెడ్డు వేసే నీళ్ళకు కాస్త ఎగువన. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి 40 మందికి పైగా పోయారు. ఆ రెండుసార్లూ బ్యాంకులో, వీధిలో, నాకెదురైన ప్రతివాడితో జాకెట్లేవి, జాగ్రత్తలేవి అని వాదించాను. అలా వాదించిన మనిషిని నా జాకెట్ మీద నేనే కూర్చున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. దాని చరిత్రలో అంత ఎన్నడూ రాలేదు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద ఇనుప పడవలు గేట్ల మీద పడి కాంక్రీటు కౌంటర్ వెయిట్లను పగలగొట్టాయి. వాటిని తియ్యడానికి రోజుల తరబడి పట్టింది. ఆ వార్తలు చూస్తుంటే నా కళ్ళకు మా కయాకే కనిపించింది. వరద రోజైనా, నాట్ల రోజుల్లో ఆదివారమైనా, ఎగువన వదులైంది ఏదైనా చివరికి చేరేది ఆ గేట్ల దగ్గరికే. టన్నుల ఇనుమే ఆగలేదు.

నేను మానెయ్యలేదు. మానెయ్యమని ఎవరికీ చెప్పను. ఆ తెల్లవారుజాములు నాకు మళ్ళీ బతుకునిచ్చాయి, వాటిని నా తప్పుకి బలిపెట్టడం ఇంకో తెలివితక్కువ పని అవుతుంది. కానీ ఇప్పుడు వెళ్ళేముందు కాలవలకి ఎంత వదిలారో చూస్తాను. గేట్లు ఎత్తి ఉంటే ఘాట్ వైపే పోను. నీటి మీదికి రాగానే తెడ్డు ఆపి, ఒడ్డున ఒక స్తంభాన్నీ దాని వెనకున్న చెట్టునీ ఒకే వరసలో పెట్టుకుని చూస్తాను. స్తంభం వెనక చెట్టు ఎటు జరిగినట్టు కనిపిస్తే నేను అటు పోతున్నట్టు. ఎప్పుడూ ముందు ఎగువకే తెడ్డు వేస్తాను, అలసట వచ్చేది దిగివచ్చేటప్పుడు కావాలని. మధ్యాహ్నం గాలికి దిగను. జాకెట్ ఒడ్డునే తొడిగి, బకిళ్ళన్నీ బిగించి, భుజాల దగ్గర ఎవరిచేతైనా పైకి లాగించుకుంటాను. గడ్డం దాటి పైకి వస్తే అది వదులు, నీళ్ళలో పడితే తల మీదుగా ఊడిపోతుంది. మా మేనల్లుడు మొన్న వేసవిలో మళ్ళీ వచ్చాడు. తల్లే పంపింది. నా జాకెట్ పట్టీలు వాడే లాగి చూశాడు.

నాకొక్క కోరిక ఉంది. ఊళ్ళోవాళ్ళందరూ కలిసి అడిగితే జరిగే పని. కయాక్‌లు, పడవలు తిరిగే ప్రతి ఘాట్ దగ్గరా మెట్ల పక్కన ఒక నల్లబల్ల పెట్టాలి. రోజూ పొద్దున నాలుగు సంగతులు రాయాలి: బ్యారేజీ దగ్గర మట్టం, ఎన్ని గేట్లు ఎత్తి ఉన్నాయి, తూర్పు కాలవకి ఎంత వదిలారు, పశ్చిమ కాలవకి ఎంత వదిలారు. కింద ఎర్ర అక్షరాల్లో, ఏ స్తంభం దాటి దిగువకి పోకూడదో రాయాలి. తొలిసారి వచ్చే పిల్లవాడికి క్యూసెక్కంటే తెలియకపోయినా, పడవ ఇచ్చే మనిషి ఆ బల్ల చూపించి చెప్పగలడు. మీరు ఈసారి ఘాట్‌కి వెళ్ళినప్పుడు "ఇవాళ కాలవలకి ఎంత వదిలారు?" అని అడగండి. అడిగేవాళ్ళు పెరిగితే రాసేవాళ్ళు వస్తారు. ఆ అంకెలు కొత్తగా లెక్కకట్టాల్సినవి కావు. రోజూ లెక్కకడుతూనే ఉన్నారు, పేపర్లో వేస్తూనే ఉన్నారు. వాటిని నీటి ఒడ్డుకి తీసుకురావడం ఒక్కటే మిగిలింది.